ఆ రోజు మీరెక్కడున్నారు?

శనివారం ఉదయం లొరీన్ పెనం మీద పాన్‌కేకులు తిరగేస్తోంది. ఇండియానాపోలిస్‌లో ప్రకటనల కంపెనీలో పనిచేసే కూతురు కెండ్రా నిన్న సాయంత్రమే వచ్చింది. మార్చి నెల, కాలేజీ బాస్కెట్‌బాల్ పోటీల కాలం కావడంతో ఊళ్ళో ప్రతి వాకిట్లోనూ తమ కాలేజీ జట్టు ఎర్రజెండా ఎగురుతోంది. లొరీన్ వాకిట్లో మాత్రం లేదు. ఏనాడూ లేదు.

"అమ్మా, పెనం దించి ఇటురా. నీకొకటి చూపించాలి" అంటూ కెండ్రా టీవీ ముందు కుర్చీ వేసింది.

"ఆటేనా? నాకొద్దు తల్లీ."

"ఆట కాదు. నేను చేసిన ప్రకటన. నిన్నటి నుంచే వేస్తున్నారు."

చిప్స్ కంపెనీ ప్రకటన అది. మసకబారిన పాత టేపులో కిక్కిరిసిన స్టేడియం. బంతి వలలో పడగానే జనం లేచారు. వాళ్ళ మధ్య ఎర్ర ఊలు టోపీ పెట్టుకున్న ఇరవయ్యొక్కేళ్ళ పిల్ల ఏడుస్తూ నవ్వుతోంది. కింద అక్షరాలు పడ్డాయి: 'ఆ రోజు మీరెక్కడున్నారు?'

లొరీన్ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

"నువ్వే కదమ్మా. ఆల్బంలో ఆ టోపీ చూసి పట్టేశాను" కెండ్రా మురిసిపోతూ చెప్పింది. "పాత టేపు కనిపిస్తే యాభై దాటినవాళ్ళు చానల్ మార్చరు. అందుకే కొత్తగా తీసినవాటికి కూడా మేం మసక పూస్తాం. కానీ నీ మొహానికి ఏమీ పూయక్కర్లేకపోయింది."

"పోయిన నెల కాగితం మీద సంతకం పెట్టించుకున్నది దీనికా? ఏదో ఫోటో కోసమన్నావు."

"ముందే చెబితే వద్దంటావని."

"అంటాను. దాన్ని తీయించెయ్. ఇప్పుడే ఫోన్ చెయ్."

కెండ్రా మొహం వాడిపోయింది. ఏం తప్పు చేసిందో అడిగేలోపే వీధి తలుపు తెరుచుకుంది. లొరీన్ అక్క వాండా లోపలికి వచ్చింది. రెండు వీధుల అవతలే ఉంటుంది. కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుంది.

"రాత్రి వార్తల మధ్యలో చూశాను. ఆ టోపీ అల్లింది నేనే, లొరీన్."

నలభై ఏళ్ళ కిందటి సంగతి. తండ్రి ఆస్పత్రిలో ఉన్నాడు. వాండాకు ఫ్యాక్టరీలో డ్యూటీ, మంచం పక్కన కూర్చోవడం లొరీన్ వంతు. ఆయన నిద్రలో ఉండగా స్నేహితురాలు ఆట టికెట్టుతో వచ్చింది. నాలుగు గంటల్లో తిరిగొచ్చేయవచ్చనుకుంది లొరీన్. వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. ఇంటికి బట్టలు తేవడానికి వెళితే మంచులో కారు దిగబడిందని అక్కతో చెప్పింది.

"కారు దిగబడలేదక్కా" అంది. "నాన్నను వదిలేసి ఆటకు వెళ్ళాను."

"తెలుసు."

"నిన్న చూశావు కాబట్టి."

"నలభై ఏళ్ళుగా తెలుసు. ఆ రోజు రోడ్డు మీద మంచే లేదు, నేను ఫ్యాక్టరీ నుంచి ఆ దారినే వచ్చాను."

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాటైనా అనలేదేం?"

"నువ్వే చెబుతావని చూశాను. ఆ రోజు మాటెత్తితే చాలు, మంచు కథ చెప్పి లేచిపోయేదానివి. నాకూ మొండితనం పట్టుకుంది." వాండా కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఆ మొండితనంలో నీకు చెప్పాల్సింది కూడా దాచేశాను. నాన్న ఒంటరిగా పోలేదే."

లొరీన్ తలెత్తింది.

"నర్సు పక్కనే ఉంది. ఆయన లేచి, చిన్నది ఆటకు వెళ్ళిందా అని అడిగాడట. తెలియదంటే, వెళ్ళే ఉంటుంది, రేడియో పెట్టమ్మా అన్నాడట. బంతి పడ్డప్పుడు దుప్పటి మీద చేత్తో కొట్టి, మా చిన్నది అక్కడే ఉంది అని నర్సుకు చెప్పుకున్నాడు. ఆ తర్వాత అరగంటకు పోయాడు."

లొరీన్ రెండు చేతుల్లో మొహం దాచుకుంది. ఏడుపు ఎక్కడో లోతు నుంచి వచ్చింది. కెండ్రా లేవబోతే వాండా చేయి పట్టి ఆపింది. "ఏడవనీ. ఎప్పుడో ఏడవాల్సింది."

కాసేపటికి లొరీన్ ముక్కు తుడుచుకుంది. "నిజంగా అలా అన్నాడా? నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పడం లేదు కదా?"

"నిన్ను ఊరుకోబెట్టాలని నేనెప్పుడు చూశాను? నీ జుట్టు పట్టుకుని కొట్లాడుతూ పెరిగినదాన్ని."

లొరీన్‌కు నవ్వొచ్చింది. గుండెల మీంచి ఎవరో బరువైన పెట్టె దించినట్టుంది. ఊపిరి సాఫీగా ఆడుతోంది.

"పెద్దమ్మా, తప్పు నాదే. అడక్కుండా వాడేశాను" కెండ్రా నెమ్మదిగా అంది. "సోమవారం తీయించేస్తాను."

"మీ అమ్మను అడుగు" అంది వాండా.

"ఉండనీ" అంది లొరీన్. "కానీ ఇకమీదట ఎవరి మొహమైనా వాడేముందు వాళ్ళ ఇంటికెళ్ళి అడుగు. ఆ రోజు వాళ్ళింట్లో ఏం జరిగిందో టేపుకు తెలియదు."

కెండ్రా తలూపింది. ఆ మాటకు ఆమె కళ్ళు కూడా చెమర్చాయి.

వాండా కోటు విప్పి కుర్చీకి తగిలించింది. చెల్లెలి దగ్గరికి జరిగింది. "నర్సుకు ఆటలంటే ఏమీ తెలియదు. గెలిచారంది, అంతే. ఆ ఆఖరి నిమిషం ఎలా సాగిందో నాన్న చెప్పకుండానే పోయాడు. నువ్వైనా చెప్పవే."

లొరీన్ కళ్ళు తుడుచుకుంది. "మనం ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం" అని మొదలుపెట్టింది.