అమ్మ మంచులో జారిన రోజు

గుల్సెరెన్ నిద్ర లేచేసరికి వీధి చప్పుడే లేదు. రేవులో పడవల కూత లేదు, వాలు ఎక్కలేక మూలిగే బస్సు లేదు. తెర తీసి చూసింది. ఎదురింటి కప్పు, దాని మీద ముడుచుకు కూర్చున్న సముద్రపు కొంగలు, కింద వరసగా ఆపిన కార్లు, అన్నీ ఒకటే తెలుపు. ఇస్తాంబుల్‌లో ఇంత మంచు పడి చాలా ఏళ్ళయింది. బడులకి సెలవని టీవీలో చెప్తున్నారు. ఆమె పాఠాలు చెప్పే బడికీ సెలవే.

సెలవొచ్చిందన్న సంతోషం ఆమె ముఖంలో లేదు. ఎల్లుండి నాన్న పోయిన నలభయ్యో రోజు. ఇమాము రావాలి, చుట్టాలు రావాలి, వచ్చినవాళ్ళందరికీ హల్వా పెట్టాలి. ఈ మంచులో ఎవరొస్తారు, ఎలా వస్తారు?

"అమ్మా, రవ్వ సరిపోతుందంటావా?" అంది వంటింట్లోంచి.

 తల్లి నెజాహత్ కిటికీ దగ్గర నిలబడి ఉంది, ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరగా. వెనక నాన్న మంచం అలాగే ఉంది. చక్రాలున్న ఆ ఇనప మంచాన్ని తీసెయ్యనివ్వంది గుల్సెరెనే. నలభయ్యో రోజు వెళ్ళేదాకా దాన్ని ఎవరూ కదపడానికి వీల్లేదని తేల్చి చెప్పింది.

"నిన్నేనమ్మా!"

"మళ్ళీ పడుతోంది చూడు. ఎంత పెద్ద పెద్ద రేకులో!"

"పడితే పడనీ. రవ్వ సంగతి చెప్పు."

"నేను రొట్టె తెస్తాను," అంటూ నెజాహత్ కోటు తీసుకుంది. అదే సమయానికి పై అంతస్తు నుంచి ఇల్గిన్ మెట్లు దడదడలాడిస్తూ దిగింది. గుల్సెరెన్ తమ్ముడు లెవెంట్ కూతురు. ఎనిమిదేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ ఆస్పత్రిలో నర్సు. రాత్రి డ్యూటీకి వెళ్ళి మంచులో అక్కడే చిక్కుకుపోయింది. లెవెంట్ పొద్దున్నే నడుచుకుంటూ బజారులోని తన కొట్టుకి పోయాడు.

"నానమ్మా, నేనూ వస్తా!"

ఇద్దరూ వెళ్ళారు. గుల్సెరెన్ పొయ్యి మీద వెన్న కరగబెట్టి గిన్నెలు సర్దుతూ ఉండిపోయింది. రొట్టె కొట్టు వీధి మలుపులోనే. ఎంతసేపటికీ వాళ్ళు రాకపోయేసరికి, మంచులో జారి పడలేదు కదా అని గుండెల్లో గుబులు మొదలైంది.

అప్పుడు ఫోను మోగింది. ఎదురింటి ముకద్దెస్.

"గుల్సెరెన్ తల్లీ, మధ్యాహ్నం మీకు పెరుగు చారు పంపుదామనుకున్నా. పాపం దుఃఖంలో ఉన్నారు, వండుకుంటారో లేదో అని. కానీ మీ అమ్మగారు బాగానే కోలుకున్నట్టున్నారే! సంతోషం. దేవుడు చల్లగా చూడాలి."

"ఏమైంది ముకద్దెస్ పిన్నీ?"

"ఏమీ కాలేదమ్మా. ఓసారి కిటికీలోంచి చూడు, నీకే తెలుస్తుంది."

గుల్సెరెన్ కిటికీ తెరిచింది. చలిగాలితో పాటు వీధంతా నవ్వు లోపలికొచ్చి పడింది. వాలు నిండా పిల్లలే. ప్లాస్టిక్ తొట్లు, చెత్త సంచులు, అట్టముక్కలు, ఎవరికేది దొరికితే దాని మీద కూర్చుని జారుతున్నారు. వాళ్ళ మధ్య, పైనుంచి, గుండ్రటి రేకు తాంబాళం ఒకటి బాణంలా దూసుకొస్తోంది. అందులో నల్ల కోటు వేసుకున్న మనిషి. ఒళ్ళో ఇల్గిన్. తలగుడ్డ జారి నెరిసిన జుట్టు గాల్లో ఎగురుతోంది. నోరంతా తెరిచి, గొంతెత్తి, పసిపిల్లలా కేకలు పెడుతూ నవ్వుతున్నది ఆమె తల్లి.

రొట్టె కొట్టతను గుమ్మంలో నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్లలో వీడియో తీస్తున్నారు.

గుల్సెరెన్ చెప్పులతోనే కిందికి పరిగెత్తింది. ఆమె గుమ్మం దాటేసరికి నెజాహత్ తాంబాళం చంకన పెట్టుకుని మళ్ళీ వాలెక్కుతోంది.

"అమ్మా! ఏం పని ఇది?"

"వచ్చావా? కూర్చుంటావా? ఇద్దరికీ చోటుంది."

"నీకు మతి పోయిందా? వీధంతా చూస్తోంది! నాన్న సమాధి మీద మట్టి ఇంకా ఆరలేదు!"

చుట్టూ పిల్లల నవ్వు ఆగిపోయింది. రొట్టె కొట్టతను లోపలికి తప్పుకున్నాడు. నెజాహత్ కూతురి వంక ఓ క్షణం చూసింది.  వాలు చివరిదాకా ఎక్కి, తాంబాళం పరిచి, ఈసారి ఒక్కతే కూర్చుని జారింది. ఈసారి నవ్వలేదు. మలుపు దగ్గర తాంబాళం అడ్డం తిరిగి ఆమె మంచు కుప్పలో పడింది. తనంతట తనే లేచింది. ఇల్గిన్ పరిగెత్తుకెళ్ళి తాంబాళం అందుకుంది.

ఇంట్లోకి వచ్చాక గుల్సెరెన్ తలుపు ధడాలున వేసింది.

"రొట్టె ఏది?"

"మర్చిపోయాను."

"రొట్టె గుర్తులేదు, మొగుడు గుర్తులేడు. నలభై రోజులుగా ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు నువ్వు. అందరూ అడిగారు. తట్టుకోలేక బండబారిపోయిందని నేనే సర్ది చెప్పాను. ఇప్పుడేం చెప్పను? ఎల్లుండి ఇదే గదిలో కూర్చుని ఏ ముఖంతో హల్వా పంచుతావు?"

"ఉన్న ముఖంతోనే," అంది నెజాహత్. తడిసిన కోటు విప్పకుండానే దివాను మీద కూర్చుంది. కుడి చెయ్యి కోటు జేబులో ఉంది.

అప్పుడే లెవెంట్ వచ్చాడు. కనుబొమల మీద మంచు, చేతిలో ఫోను. బూట్లు కూడా విప్పకుండా గది మధ్యకి వచ్చేశాడు. ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చెయ్యని పని అది.

"టీ కొట్టు వాళ్ళ ఫోను గ్రూపులో పెట్టారు ఈ వీడియోని," అని ఫోను ముందుకు చాచాడు. ఫోన్లో అమ్మ నవ్వు సన్నగా, కీచుగా వినిపించింది. "కింద ఏం రాశారో చదవనా? 'రిఫాత్ గారి విధవ సంబరం' అని రాశారు. నాకు కొట్లో తలెత్తుకునే దారి లేదు! బజారంతా నాన్నని చూసి లేచి నిలబడేది. నువ్వేమో పళ్ళెంలో కూర్చుని..."

"తాంబాళం," అంది నెజాహత్.

"ఏంటీ?"

"పళ్ళెం కాదు, తాంబాళం. పళ్ళెంలో నేను పట్టను."

"చూశావా అక్కా? వెటకారం! మనం చస్తుంటే ఈవిడకి వెటకారం!"

"అరవకురా, పిల్ల భయపడుతోంది," అంది గుల్సెరెన్. కానీ ఆమె గొంతులోనూ జాలి లేదు. "అమ్మా, నీ మంచికే చెప్తున్నాం. ఇన్నేళ్ళూ నిన్ను అందరూ ఎంత మెచ్చుకున్నారు! మంచాన పడ్డ మనిషిని తొమ్మిదేళ్ళు కళ్ళల్లో పెట్టుకు చూసింది, నెజాహత్ దేవత అన్నారు. ఆ మంచి పేరంతా ఒక్క పూటలో మంచులో పారబోశావు."

"దేవతని," అంది నెజాహత్ నెమ్మదిగా. "అవును, దేవతనే. లెవెంట్, నువ్వూ నీ భార్యా వారానికోసారి వచ్చి ఆ మాట అనేసి పైకెళ్ళిపోయేవాళ్ళు. గుల్సెరెన్, నువ్వు పక్క గదిలో తలుపేసుకుని పడుకునేదానివి, పొద్దున బడుందని. నేను మాత్రం రాత్రి మూడుసార్లు లేచి ఆయన్ని పక్కకి తిప్పేదాన్ని. మంచు పడ్డ ప్రతిసారీ కిటికీలు మూయించేవాడు, చలి కొడుతుందని. తొమ్మిదేళ్ళుగా నేను మంచుని అద్దంలోంచే చూశానే."

"అంటే నాన్న పోయినందుకు సంబరం చేసుకున్నావన్నమాట!" లెవెంట్ ముఖం ఎర్రబడింది.

"నోరు ముయ్యి!" నెజాహత్ గొంతు మొదటిసారి లేచింది. "పాప 'రా నానమ్మా' అంది. కూర్చున్నాను. ఆ వాలు ఉన్నంతసేపూ ఆయన పోయిన సంగతి మర్చిపోయాను. కిందికి రాగానే గుర్తొచ్చింది. అందుకే మళ్ళీ ఎక్కాను. మళ్ళీ మర్చిపోదామని. ఎన్నిసార్లెక్కానో అన్నిసార్లూ అందుకే."

 ఆ మాట లెవెంట్‌కి తగిలే ఉంటుంది, కానీ కోపం మీద ఉన్నవాడు వెనక్కి తగ్గలేకపోయాడు.

"సరే. రేపట్నుంచి ఇల్గిన్ కిందికి రాదు. నువ్వు దానికి నేర్పేది ఇదైతే, నా కూతురు ఈ గుమ్మం తొక్కదు. నలభయ్యో రోజు ప్రార్థన నా ఇంట్లో పెడతాను. నీకు రావాలనిపిస్తే రా, తలగుడ్డ సరిగ్గా కట్టుకుని."

తలుపు వెనక నిలబడ్డ ఇల్గిన్ ఏడుపందుకుంది. "నానమ్మ తప్పేం లేదు! నేనే రమ్మన్నా!"

నెజాహత్ లేచింది. ఏడుస్తున్న మనవరాలి తల ఎడమ చేత్తో ఓసారి నిమిరి, వంటింట్లోకి నడిచింది. "నడిచొచ్చావు, చలిలో. టీ తాగి అరుద్దువుగాని," అంది కొడుకుతో, వెనక్కి తిరక్కుండా. ఎడమ చేత్తోనే టీ కూజా ఎత్తింది. కూజా ఒరిగింది. ఆపబోయి అలవాటు కొద్దీ కుడి చెయ్యి జేబులోంచి లాగింది.

ఆ కేక విని గుల్సెరెన్ పరిగెత్తింది. వేడి టీ నేలంతా పారుతోంది. తల్లి గట్టుకి ఆనుకుని ఉంది, ముఖం సున్నంలా పాలిపోయింది. కుడి మణికట్టు ఉబ్బి నల్లబడింది. చెయ్యి ఉండాల్సిన తీరులో లేదు.

"అయ్యో! ఎప్పుడైంది ఇది? ఆఖరిసారి పడ్డప్పుడేనా? ఇంతసేపూ ఎందుకు చెప్పలేదమ్మా?"

నెజాహత్ కళ్ళు మూసుకుంది. "చెప్తే మీరు సంతోషించేవాళ్ళు," అంది.

"ఛ! అవేం మాటలు?" అన్నాడు గుమ్మంలో లెవెంట్.

 తల్లి మంచు కుప్పలో పడ్డ క్షణం గుల్సెరెన్ కళ్ళ ముందు మెదిలింది. అప్పుడు తన లోపల కలిగిందేమిటో ఆమెకి తెలుసు. భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది వేరు. బాగా అయింది అనుకుంది. నిజంగా, ఆ మాటతోనే, బాగా అయింది అనుకుంది. సొంత తల్లి పడితే. ఆ తల్లికి అది చూడకుండానే తెలిసిపోయింది. విరిగిన చెయ్యి జేబులో దాచుకుని, ఇద్దరు పిల్లల తిట్లూ కూర్చుని వింది.

"లెవెంట్, కోటు తీసుకో," అంది.  "ఆస్పత్రికి వెళ్ళాలి."

టాక్సీ ఏదీ ఆ వాలెక్కి రానంది. నడిచే దిగారు. ముందు లెవెంట్ మడమలతో మంచు తవ్వుతూ అడుగులు చేస్తుంటే, వెనక గుల్సెరెన్ తల్లి నడుం చుట్టూ చెయ్యి వేసి నడిపించింది. ముకద్దెస్ కిటికీలోంచి చూసి ఏం అనుకుందో, ఉన్ని శాలువా ఒకటి పట్టుకుని కిందికొచ్చింది. "దీంతో చెయ్యి మెడకి కట్టండి. పాపని నా దగ్గర వదిలెయ్యండి, చారు పెడతా," అంది. ఆమె కళ్ళలోకి ఎవరూ చూడలేదు. ఆమే చూడనివ్వలేదు.

ఆస్పత్రి వసారా నిండా మంచులో పడ్డవాళ్ళే. వాళ్ళ వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. కుర్ర డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముక రెండు చోట్ల విరిగిందని చెప్పాడు.

"ఎలా పడ్డారమ్మా?"

"రొట్టె కోసం వెళ్తూ జారింది," అన్నాడు లెవెంట్ చటుక్కున.

డాక్టరు నెజాహత్ వంక చూశాడు. ఆమె కొడుకు ముఖం చూసింది, తర్వాత తల దించుకుంది.

"అవును నాయనా, రొట్టె కోసం," అంది.

పొద్దుట్నుంచీ ఒక్క మాటకి కూడా తల వంచని మనిషి, పిల్లల పరువు కోసం పరాయివాడి ముందు అబద్ధమాడింది. గుల్సెరెన్ డాక్టరు ముందుకి జరిగింది.

"కాదు డాక్టర్ గారూ," అంది. "మా అమ్మ తాంబాళం మీద మంచులో జారింది. మా వీధి వాలులో. చాలాసార్లు. ఆఖరిసారి నేను అరిచాక ఒంటరిగా జారింది, అప్పుడు పడింది."

డాక్టరు నవ్వాపుకోలేకపోయాడు. "ఈ వయసులో! ఎవరమ్మా వెళ్ళనిచ్చింది?"

"ఎవరూ వెళ్ళనివ్వలేదు. తొమ్మిదేళ్ళ పాటు."

లెవెంట్ ఏదో అనబోయి, లేచి బయటికి వెళ్ళిపోయాడు.

కట్టు వేస్తుంటే నెజాహత్ పళ్ళు బిగించి కూర్చుంది. అంతా అయ్యాక, తెల్లటి కట్టుని ఒళ్ళో పెట్టుకుని దాని వంకే చూస్తూ అంది: "ఇప్పుడాయన ఉంటే ఎంత అరిచేవాడో! మంచంలోంచే అరిచేవాడు. 'నెజాహత్, నీ చెయ్యి విరిగితే నన్ను తిప్పేదెవరే' అని..." మాట మధ్యలో తెగిపోయింది. భుజాలు అదిరాయి. నలభై రోజులుగా రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చింది, అంతమంది ముందు, నోటికి తలగుడ్డైనా అడ్డం పెట్టుకోకుండా. గుల్సెరెన్ ఆమె తలని గుండెకి అదుముకుని తనూ ఏడ్చింది.

"అమ్మా, నేను నిజంగానే సంతోషించాను. ఒక్క క్షణం. నువ్వు పడ్డప్పుడు."

"నాకు తెలుసే."

"ఎందుకలా అయిపోయానో నాకు తెలీదు."

"నువ్వూ మీ నాన్న మంచం పక్కనే తొమ్మిదేళ్ళు గడిపావు కదే," అంది నెజాహత్, ఎడమ చేత్తో కూతురి చెంప తుడుస్తూ. "ఆ మంచం తీసేద్దాం."

"తీసేద్దాం."

లెవెంట్ తిరిగొచ్చాడు. చేతిలో కాగితం గ్లాసు, అందులో పొగలు కక్కుతున్న చిక్కటి సాలెప్ పాలు, పైన దాల్చినచెక్క పొడి. తల్లి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.  గ్లాసు మీద ఊది, ఆమె పెదాల దగ్గర పెట్టాడు.

"వేడిగా ఉంది. మెల్లిగా తాగు."

ఆమె ఒక గుక్క తాగింది.

"పాపని పంపుతావా కిందికి?" అంది.

లెవెంట్ మళ్ళీ ఊదాడు. "నేనే తీసుకొస్తా," అన్నాడు.