పసుపు కాని మరక

నన్నే సాహెబ్‌ను లింబాద్రి ఈ జన్మలో క్షమించడు. రేడియో మెకానిక్ పనంటూ వీసా అమ్మి, మెట్‌పల్లి శివారులోని పొలం తన పేర రాయించుకుని, సౌదీలో దిగాక చేతికి చీపురు ఇప్పించిన ఏజెంటు వాడే. 1991 ఫిబ్రవరిలో, గల్ఫ్ యుద్ధం నడుస్తుండగా, మళ్లీ ఆ పేరు గురవయ్య నోట వినబడింది.

గురవయ్య పైకి అల్ ఖోబర్‌లో ట్రావెల్స్ గుమస్తా. లోపల ఢిల్లీ గూఢచారి శాఖ మనిషి. ఏడో తరగతితో బడి మానేసి, ఇప్పుడు దొంగచాటుగా రేడియోలు బాగుచేసుకునే లింబాద్రి అతని ఏజెంట్.

బ్రీఫింగ్ రెండు నిమిషాలే. విదేశీ ముఠా ఒకటి క్షిపణికి దారి చూపే బీకన్ తయారు చేస్తోంది. పెట్టబోయేది లేబర్ క్యాంపు పక్కనున్న ఆయిల్ ట్యాంకుల దగ్గర. ఆ క్యాంపులోనే లింబాద్రి తమ్ముడు భూమేష్ ఉంటాడు. సర్క్యూట్ బోర్డు ఏదో ఇంట్లో తయారవుతోంది. నాలుగింటికి నన్నే సాహెబ్ వచ్చి పట్టుకెళ్తాడు. ఏ ఇల్లో తెలియదు.

"ఫెర్రిక్ క్లోరైడ్ నువ్వు తప్ప ఎవరూ కొనలేదయ్యా. అది లేకుండా బోర్డు మీద రాగి ఎలా కరుగుతుంది?"

"బాత్రూం కడిగే యాసిడ్ల జుట్టుకేసే పెరాక్సైడ్ కలిపినా కరుగుతది సార్. జల్దీ కరుగుతది. కానీ ఆ పొగకు చుట్టున్న ఇనుమంతా తుప్పు పడ్తది."

జుట్టు మాట వినగానే గురవయ్య ముఖం మారింది. ఇంట్లో బ్యూటీ పార్లర్ నడిపే మెహజబీన్ కూడా అతని ఏజెంటే. ఆమె మన మనిషేనన్నాడు. లింబాద్రి నమ్మలేదు.

మూడున్నరకు ఏసీ మెకానిక్ వేషంలో ఆమె తలుపు తట్టాడు. బెల్టుకు వాక్‌మన్, అందులో ట్రాన్స్‌మిటర్. 'కఫీల్', అంటే వీసా ఇచ్చిన యజమాని, అన్న మాట వినబడితే బయటున్న సౌదీ పోలీసులు లోపలికొస్తారు.

కొత్త ఏసీకి స్క్రూలన్నీ ఎర్రగా తుప్పు పట్టాయి. కర్టెన్ సందులోంచి ట్రే కనబడింది. అందులో రాగి కరిగి ఆకుపచ్చబడ్డ ద్రవం. మెహజబీన్ మాత్రం అతని వేళ్లనే చూస్తోంది.

"ఆ మరకలేంది భాయ్?"

"పసుపు మేడమ్. పొద్దుగాల కూర వండిన."

"సబ్బుతోని కడుగు. పసుపైతే ఎర్రగైతది."

కడిగాడు. ఎర్రబడలేదు. రేడియో పనిలో అంటిన ఫెర్రిక్ క్లోరైడ్ సబ్బుకు లొంగేది కాదు. ఆమె చేతిలోని హెయిర్ డ్రయ్యర్ అతని వైపు తిరిగింది. దాని మూతిలో పిస్టల్ గొట్టం.

"ఎవరు పంపిన్రు?"

మొదటి నుంచి చెప్తానన్నాడు. పొలం, వీసా, చీపురు, అన్నీ తాపీగా చెప్పాడు. కఫీల్ మాట రాకుండా సౌదీలో కష్టం చెప్పుకోవడం ఎవరి వల్లా కాదు. లింబాద్రి వల్ల అయింది. నన్నే సాహెబ్ రావాలి, పైగా ఆలోపు ట్రేలోని బోర్డు పాడవ్వాలి. ఫెర్రిక్ క్లోరైడ్ అయితే బోర్డును కాసేపు అందులో మరిచిపోయినా ఓర్చుకునేది. తొందరలో ఆమె ఎంచుకున్న యాసిడ్ ఓర్చుకోదు.

సరిగ్గా నాలుగింటికి తలుపు మోగింది. నన్నే సాహెబ్ లోపలికొచ్చి చెయ్యి చాపాడు. మెహజబీన్ గబగబా ట్రేలోంచి బోర్డు తీసింది. ఒట్టి పలక. సర్క్యూట్ గీతల కింద మిగలాల్సిన రాగి కూడా కరిగిపోయింది.

"మేడమ్, జర కఫీల్‌కు ఫోన్ చెయ్యాలె" అన్నాడు లింబాద్రి.

పోలీసులు తలుపు బద్దలు కొట్టారు. మెహజబీన్ పేల్చిన తూటా ఏసీకి తగిలింది.

ఢిల్లీ సంతోషించింది, ఏం కావాలో అడగమన్నాడు గురవయ్య. జైలుకు పోయేముందు నన్నే సాహెబ్‌తో పొలం కాగితం మీద ఒక్క సంతకం పెట్టిస్తే చాలన్నాడు లింబాద్రి.

గురవయ్య ఇబ్బందిగా ఒక కాగితం జరిపాడు. ముఠా ఆస్తులన్నీ మన ప్రభుత్వం జప్తు చేసింది. లిస్టులో మూడో వరుస: మెట్‌పల్లి శివారు, ఎకరం ఇరవై ఆరు గుంటలు.