రెండు టార్పాలిన్ల లారీ

లారీల పార్కింగులో దొరికిన శవం జేబులో దువ్వెన ఉంది, తాళాలు లేవు. మెడ చుట్టూ సన్నటి తీగ గుర్తు.

"కెమికల్ లారీ డ్రైవరు," చీఫ్ ఫొటోను టేబుల్ మీదికి తోశాడు. "లారీ మాయమైంది. అందులో సోడియం డ్రమ్ములున్నాయి. తడి తగిలితే మండుతుంది, పేలుతుంది. నీళ్లు తగలనివ్వొద్దని వెనక నీలం బోర్డు ఉండాలి. ఇప్పుడు ఉండకపోవచ్చు."

"ఎవరి పని?" అడిగాడు ఏజెంట్ ఉడుత.

"సరిహద్దు అవతలి ముఠా. వాళ్ల వైర్‌లెస్‌లో ఒక్క ముక్క చిక్కింది. 'స్నానం వాళ్ల చేతే చేయిద్దాం.' నెమలిని అడిగాం. తెలీదంది."

నెమలి ముఠాలో ఉన్న మన మనిషి. ముత్యాల దుద్దులు, నల్ల కళ్లద్దాలు, మంత్రుల చేత కూడా తలుపు తీయించుకునే నవ్వు. మన దగ్గరున్న తమ మనిషి ఆమేనని ముఠా కూడా అనుకుంటోందేమోనని ఉడుతకు మొదటినుంచీ అనుమానం. చీఫ్‌కు మాత్రం లేదు. చీఫ్ కూడా ఆమెకు తలుపు తీసినవాడే.

ఉడుత దూరాన్ని దగ్గర చేసి చూపే కళ్లద్దాలు పెట్టుకున్నాడు. గడ్డం అతికించుకుని, అంబులెన్స్ డ్రైవర్ వేషంలో ఊరంతా గాలించాడు. ఎండ మాడ్చేస్తోంది. నెలల తరబడి చినుకు లేదు. మధ్యాహ్నానికి వైర్‌లెస్‌లో కబురొచ్చింది: పెద్దాసుపత్రి గోడ పక్కన లారీ టైరు అంటుకుంది. ఫైరింజన్ బయల్దేరింది.

ఆ పేట ఫైర్ కెప్టెన్ ఉడుతకు స్వయానా అక్క మొగుడు. దిగుతూనే నీళ్లు కొట్టే దళమని ప్రభుత్వం మెడల్ ఇచ్చింది. బావ దాన్ని స్టేషన్లో గడియారం పక్కనే తగిలించాడు, టైము చూసేవాడు మెడల్ చూడక తప్పదని. ఉడుత ఏం పని చేస్తాడో ఆయనకు తెలీదు. దోమతెరలు అమ్ముతాడనుకుంటున్నాడు.

ఉడుత చేరేసరికి సిబ్బంది హోస్ పరుస్తున్నారు. లారీ వెనక ఎర్ర బోర్డు ఉంది, 'పెయింట్' అని. గుంపులోంచి ఒక ఆడగొంతు కేకలు పెడుతోంది.

"మా పాప లోపలుందయ్యా! చూస్తారేంటి, నీళ్లు కొట్టండి!"

ఆ గొంతు నెమలిది. ఆమెకు పాప లేదు. పాప కోసం ఏడ్చే మనిషి మంట దగ్గరికి ఉరకాలి. ఆమె వీధి చివర, పొగ తన వైపు రాని చోట, ఇంజన్ ఆపని కారు పక్కన నిలబడి ఏడుస్తోంది.

ఉడుత కళ్లద్దాలు లారీ వైపు తిప్పాడు. సరుకు మీద ఒకటి కాదు, రెండు టార్పాలిన్లు. అంచులన్నీ టేపుతో మూసి ఉన్నాయి. ఈ ఎండల్లో పెయింటు డబ్బాలకు ఇంత ముసుగెవడు వేస్తాడు? తడి తగలకూడదని తీగకు బలైన డ్రైవరే వేసి ఉంటాడు. ముఠా బోర్డు మార్చింది కానీ టార్పాలిన్లు విప్పలేదు.

స్నానం ఎవరి చేత చేయిస్తారో ఉడుతకు అర్థమైంది. ముఠా బాంబు తేలేదు. బావ మెడల్‌ను నమ్ముకుంది.

"ఆపండి! నీళ్లు వద్దు!"

కెప్టెన్ తిరిగి చూశాడు. "ఏరా, నువ్వా? ఆ గడ్డమేంట్రా? నడక చూసి పోల్చాను కాబట్టి సరిపోయింది."

"బావా, అందులో ఉన్నది పెయింట్ కాదు. నీళ్లు పడితే మీరెవరూ మిగలరు."

"దోమతెరలు అమ్ముకునేవాడివి, నాకు నిప్పు గురించి చెప్తావా? పైగా నువ్విచ్చిన తెరకి చిరుగు! పక్కకి జరుగు. వాటర్ ఆన్!"

ఉడుత జరగలేదు. ఫైరింజన్ దగ్గరికి ఉరికి బండి తాళం లాగేసి పంపు ఆపాడు. కెప్టెన్ చెయ్యెత్తాడు.

ఆ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. అప్పటికే వెళ్లిన ధార తోక ఒకటి, మంట తిన్న టార్పాలిన్ చిరుగులోంచి లోపలికి దిగింది. తెల్లటి వెలుగు. చెవులు గింగురుమన్నాయి. ఒక డ్రమ్ము మూత ఎగిరి ఆసుపత్రి గోడలో దిగబడింది. హోస్ పట్టుకున్న మనిషి మొహం కప్పుకుని కూలిపోయాడు.

కెప్టెన్ ఎత్తిన చెయ్యి దించాడు.

"ఎన్ని డ్రమ్ములు?" కెప్టెన్ గొంతు మారిపోయింది.

"లారీ నిండా."

"హోసులు వదిలేయండి! వాణ్ణి మోసుకురండి. అందరూ వెనక్కి, గాలి మన వీపుకి తగిలేవైపు. ఈ పక్క వార్డులు ఖాళీ చేయించండి. కిటికీలు మూయించండి. నురగ కూడా వద్దు, అందులోనూ నీళ్లే."

ఆసుపత్రి కొత్త కట్టడం దగ్గర ఇసుక గుట్ట, ముందు పెద్ద బకెట్ ఉన్న లోడరు బండి ఉన్నాయి. కెప్టెన్ తనే లోడరు ఎక్కాడు.

"బావా, వేరేవాళ్లని..."

"ఎవర్నిరా? ఇందాక ఒకణ్ణి పంపాను, చాల్లే. నాకేమన్నా అయితే మీ అక్కకి నువ్వే చెప్పుకో."

గుట్ట మీది పొరనే గీకి తీశాడు. లోపలి ఇసుకలో చెమ్మ ఉంటుంది. బకెట్‌ను మొహానికి అడ్డంగా ఎత్తి పట్టి లారీ వైపు నడిపాడు. టైరు మంట లారీ చెక్కలు పట్టుకుని రెండో వరుస డ్రమ్ముల అంచు నాకుతోంది. మొదటి బకెట్ పగిలిన డ్రమ్ము మీద పడింది. రెండోది టైరు మీద. మూడోది పడేటప్పటికి ఆ చెక్కల మీద మంట జానెడు మిగిలి, ఇసుక కింద ఊపిరాడక చచ్చింది.

నెమలి ఏడుపు ఆపి కారెక్కింది. ఉడుత తన చేతిలో ఇంకా ఉన్న తాళాన్ని ఫైరింజన్ డ్రైవరుకు విసిరి, "వీధికి అడ్డం పెట్టు!" అని అరిచాడు. కారు ఎర్రటి ఇంజన్ ముందు ఆగిపోయింది. డ్రైవర్ సీటు తలుపు ఉడుతే తీశాడు. ఈసారి ఆమె నవ్వలేదు.

హోస్ పట్టుకున్న మనిషికి ఒక కన్ను దక్కింది.

సాయంత్రం స్టేషన్లో కెప్టెన్ మెడల్‌ను మేకు నుంచి తీసి సొరుగులో పడేశాడు. రేపటినుంచి బండి ఆగగానే ముందు సరుకేంటో కనుక్కోవాలని, ఆ తర్వాతే హోస్ ముట్టుకోవాలని అందరికీ చెప్పాడు. అందరూ వెళ్లాక ఉడుత వైపు తిరిగాడు. ఉడుత గడ్డం సగం ఊడి వేలాడుతోంది.

"నువ్వేం పని చేస్తావో నేనడగను. మీ అక్కకీ చెప్పను."

"థాంక్స్ బావా."

"ఆ దోమతెర మాత్రం మార్చు."