తుగ్గలి దాటని పాలిక

దేశం కోసం ఆడే అబద్ధాన్ని దేవుడు క్షమిస్తాడా?

ఈ అనుమానం ఏజెంట్ ఓబులేసును ఏళ్ల తరబడి వెంటాడుతూనే ఉంది. ఇంట్లో ఉంటే దీపం పెట్టనిదే మంచినీళ్లు ముట్టని మనిషి. డ్యూటీలోకి దిగితే ఒకరోజు బైరాగి, ఇంకోరోజు ఫకీరు. నోట్లో ఉండేది దేవుడి పేరే, చెప్పేది మాత్రం అబద్ధం. ఒకసారి భార్య రామసుబ్బమ్మను అడిగాడు.

"దేవుడు అవతారాలు ఎత్తలేదా?" అంది ఆమె.

"ఆయన దేవుడు. నేను నెలజీతగాణ్ణి" అన్నాడు ఓబులేసు. అనుమానం అక్కడే ఉండిపోయింది.

అది 1954 జూన్. కర్నూలు రాజధాని అయిందన్న మాటే గాని సగం ఆఫీసులు గుడారాల్లోనే నడుస్తున్నాయి. సీక్రెట్ సర్వీస్ చీఫ్ గుడారం తెర దించి, గొంతు తగ్గించాడు.

"ఈసారి బాంబు కాదు ఓబులేసూ, తుప్పు."

"పట్టాలకు పట్టేదా, సార్?"

"వేరుశనగ ఆకుకు పట్టేది. మన దేశంలో ఇంతవరకు లేదు. ఒక విదేశీ నూనె ముఠా దాన్ని ఓడలో గోవాకు చేర్చింది. మన పంట పోతే వాళ్ల నూనెకు గిరాకీ. గోవాలో పోర్చుగీసు రాజ్యం, మన చెయ్యి అందదు. నిన్న సరిహద్దు దాటి రైలెక్కింది."

"కస్టమ్స్ వాళ్లు?"

"పెట్టెలన్నీ వెతికారు. దొరకలేదు. ఒక్క క్లూ ఉంది. ఈ తెగులు బతికున్న ఆకు మీదే బతుకుతుంది. అంటే, ఒక మొక్క ప్రయాణం చేస్తోంది."

"మనవాళ్లెవరైనా ముఠాలో ఉన్నారా?"

"నాటకాల స్టార్ మిస్ మంజరి. డబుల్ ఏజెంట్. పెళ్లివారితో వస్తున్నానని కబురు పంపింది. ఆ తర్వాత చప్పుడు లేదు. వాళ్ల వైపు తిరిగిపోయిందేమో! నువ్వు 'తలంబ్రాలు తడిసినాయా' అని అడగాలి. మనమనిషైతే 'వానొస్తే తడుస్తాయి' అంటుంది."

చీఫ్ మ్యాపు మీద డోన్ దగ్గర వేలు పెట్టాడు. "ఇక్కడ వాళ్ల కార్లు కాచుకుని ఉన్నాయి. కడపకొకటి, నంద్యాలకొకటి, ఇంకెక్కడికో! డోన్ చేరకముందే పట్టుకో. కానీ జాగ్రత్త. ఆ ఆకు మీది పొడి గాలికి లేచిందంటే మనమే విత్తినట్టు."

ఓబులేసుకు తమ్ముడు బొజ్జన్న గుర్తుకొచ్చాడు. రెండేళ్ల కరువు తర్వాత ఈ ఏడే వాన పడింది. పెళ్లాం కమ్మలమ్మి విత్తనం కొన్నాడు. తుగ్గలి దగ్గర, రైలు కట్ట పక్కనే, వేరుశనగ జానెడెత్తు లేచింది. ఇది పోతే బొజ్జన్న దగ్గర అమ్మడానికి ఇంకేమీ లేదు.

మరునాడు పొద్దున గుంతకల్లు స్టేషన్లో డోన్ వైపు పోయే పాసింజరు ఎక్కిన పురోహితుణ్ణి చూసి ఎవరికీ అనుమానం రాలేదు. విభూతి బరిణె అడుగున భూతద్దం, దర్భకట్టలో పిస్తోలు, చేతిలో నీళ్ల కమండలం. పిస్తోలు దాచేటప్పుడు మాత్రం "తప్పు కాయి స్వామీ" అనుకున్నాడు.

పెళ్లివారున్న బోగీని వెతకనక్కర్లేకపోయింది. సన్నాయివాళ్లు, అద్దెకు తెచ్చిన బంధువులు గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. కిటికీ పక్కన నుదుట బాసికం, కళ్లకు నల్లద్దాలు పెట్టుకున్న పెళ్లికొడుకు. ముఠా నాయకుడు లోబో. ఫొటోలో చూసిన ముఖమే. పక్కన పట్టుచీరలో పెళ్లికూతురు మంజరి. ఆమె కొంగుకు, అతని ఉత్తరీయానికి బ్రహ్మముడి. పెళ్లికొడుకు ఒళ్లో పసుపుగుడ్డ కప్పిన మట్టి పాలిక. పెళ్లిలో నవధాన్యాలు మొలకెత్తించే మూకుడు.

"ఎవరు నువ్వు?" అన్నాడు లోబో.

"ఊరూరా తిరిగే పురోహితుణ్ణి నాయనా. కొత్త జంటను దీవించి పోదామని వచ్చా." ఓబులేసు మంజరి వైపు తిరిగాడు. "తలంబ్రాలు తడిసినాయా తల్లీ?"

మంజరి పకపకా నవ్వింది. "అయ్యోరికి ఆకలైతాండాదేమో! ఏమన్నా పెట్టి పంపించప్పా."

చెప్పాల్సిన జవాబు అది కాదు. తిరిగిపోయింది!

"అయినా దీవించనీలే" అందామె మళ్లీ, తాపీగా. "మా పాలికకు కస్టమ్సోళ్లు గూడా దండం పెట్టినారు సామీ. బూట్లతో ముట్టుకోకూడదని దూరం జరిగిపోయినారు."

లోబో ఆమెను గుర్రుగా చూశాడు. ఓబులేసు అక్షతలు వేసే నెపంతో పసుపుగుడ్డ అంచు మెల్లగా ఎత్తాడు. పచ్చగా లేచిన మొలకలు. పెసర, మినుము, ఉలవ, కంది, అలసంద. ఇంట్లో ఎన్ని శుభకార్యాలకు తన చేత్తో పోసి మొలిపించలేదు! ఏ గ్రహానికి ఏ ధాన్యమో నిద్రలో లేపినా చెప్పగలడు. వాటి మధ్య ఒక మొక్క మాత్రం ఏపుగా ఉంది. ఒక్కో కాడకు రెండు జతల ఆకులు.

వేరుశనగ. అది ఏ గ్రహానికీ చెందదు. దానికి ఏ పెళ్లిపాలికలోనూ చోటు లేదు.

భూతద్దం ఆకు వెనక్కు చేరింది. ఇటుకపొడి రంగులో సన్నటి పొక్కులు.

"నాయనా," అన్నాడు ఓబులేసు, "మీ ఇంట్లో ఏ గ్రహానికి శెనక్కాయ పోస్తారు?"

లోబో చెయ్యి చప్పున కిందికి పోయింది. మరుక్షణం నడుముకట్టులోంచి పిస్తోలు బయటికొచ్చింది. రెండో చేత్తో పాలికను కిటికీ చువ్వల్లేని ఖాళీ దగ్గరికి ఎత్తిపట్టాడు. అక్షతలు తీసేటప్పుడు ఓబులేసు పక్కన పెట్టిన దర్భకట్ట బల్ల చివర, అందనంత దూరంలో ఉంది.

"కదిలావో, దులిపేస్తా!"

బయట రైలు కట్ట పక్కన పచ్చటి చేలు మొదలయ్యాయి. తుగ్గలి దగ్గరపడుతోంది. ఎదురుగా వస్తున్నది బొజ్జన్న చేను. నడుం వంచి కలుపు తీస్తున్న మనిషి కూడా కనిపిస్తున్నాడు.

"డోన్ దాకా పోకపోయినా ఫర్వాలేదు. ఒక్క దులుపు చాలు, మిగతా పని గాలి చూసుకుంటుంది" అన్నాడు లోబో. "ఈ రాళ్లనేల కోసం చస్తావా? ఇవి వాన రాని ఊళ్లు!"

పురోహితుడి భాష ఓబులేసు నోటినుంచి జారిపోయింది.

"రాకపోయినా విత్తుతాంరా మేము! రెండేండ్లు మట్టిపాలు చేసినాం. మూడో ఏడు గూడా పోసినాం. ఇది మాడిపోతే కమ్మలు కాకపోతే కడియాలమ్మి మళ్లా పోస్తాం. నీ మూకుడు తుప్పుకు బెదిరే నేల అనుకుంటివా ఇది?"

లోబో పళ్లు కొరికి కిటికీ వైపు ఒక్క దూకు దూకాడు. సగంలోనే మెడకు ఉత్తరీయం బిగుసుకుంది. వెనక్కి పడ్డాడు. పిస్తోలు పేలి గుండు పైకప్పులోకి పోయింది. బ్రహ్మముడిని రెండు చేతులా పట్టి, సీటుకు కాలు తన్నిపెట్టి లాగుతోంది మంజరి.

"తలంబ్రాలు వానొస్తే తడుస్తాయి సామీ!" అని అరిచింది. "పొయ్ నీళ్లు!"

ఓబులేసు జారుతున్న పాలికను గాల్లోనే అందుకుని కమండలం మొత్తం కుమ్మరించాడు. పొడి పైకి లేవకుండా తడిసి ముద్దయింది. పై బట్ట తీసి గట్టిగా చుట్టేశాడు. ఆ తర్వాతే దర్భల్లోని పిస్తోలు లోబో ముక్కు ముందు నిలిచింది. గుండు చప్పుడుకు నిద్ర లేచిన సన్నాయివాళ్లు, ఓబులేసు సర్కారు మనిషినని చెప్పగానే, లోబో చేతులు వెనక్కు విరిచి కట్టారు.

"విప్పు ఈ ముడి!" అని గింజుకున్నాడు లోబో.

"నిజం పెండ్లి మాదిరి ఉండాలంటివి కదప్పా! ఆలూరోళ్లం వేసిన ముడి. అంత బిరీన ఊడదులే" అంది మంజరి.

ఓబులేసు గొలుసు లాగాడు. బండి కీచుమంటూ ఆగింది. మూట గుండెలకు హత్తుకుని కంకర మీద ఇంజను దాకా పరుగెత్తాడు. లేవి అనే డ్రైవర్ కిందికి తొంగిచూశాడు.

"ఏం సామీ, ఉరికొస్తాండావు?"

"కొలిమి తలుపు తెరువప్పా! సర్కారు పని!"

మంట భగ్గుమంది. ఓబులేసు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పాలికను పెళ్లయ్యాక నీళ్లలో కలపాలి. నిప్పుల్లో వేయడం ఎక్కడా లేదు. అంతలో కట్ట మీది నుంచి బొజ్జన్న చేను కనిపించింది. లేత ఆకులు, మచ్చ లేదు, మరక లేదు. అగ్ని కూడా దేవుడే కదా!

"స్వాహా!" అంటూ విసిరేశాడు.

"ఆమెన్!" అన్నాడు లేవి. "హోమం సామిదే గానీ, బొగ్గు సర్కారుది. లెక్క అడిగితే నీ పేరే చెప్తా."

తెగులు అంటిన చేతులు పొలం వైపు పోకూడదు. లేవి పట్టిన ఇంజను వేడినీళ్లతో మోచేతుల దాకా కడుక్కుంటుండగా మంజరి వచ్చింది. వెనకాల, ముడి ఊడని పెళ్లికొడుకు కాళ్లీడ్చుకుంటూ వస్తున్నాడు.

"అప్పుడే చెప్పొచ్చు కదా తల్లీ, ఆ మాట?" అన్నాడు ఓబులేసు.

"వాని కండ్లు నా మింద్నే ఉండె. అందుకే పాలిక సంగతి చెప్తి." ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నన్ను గుర్తుపట్టలేదు కదా? నాలుగేండ్ల కిందట ఆలూరులో నా నాటకం. ముందు వరసలో కూచుంటివి. నేను సచ్చిపోయే సీను రాకముందే లేచిపోతివి. ఊరంతా చప్పట్లు కొట్టె, ఒక్క నువ్వు తప్ప. నా అసలు పేరు మద్దమ్మ. మద్దమ్మ బాకీలు మరిచిపోదు."

"ఆ పొద్దు డ్యూటీ తల్లీ. ఒకణ్ణి పట్టుకోవాల్సొచ్చింది."

"నాది గూడా డ్యూటీనే. యాడ నా చప్పట్లు?"

ఓబులేసు నీళ్లోడుతున్న చేతులు దులుపుకున్నాడు. పట్టాల పక్కన నిలబడి మనసారా చప్పట్లు కొట్టాడు. ఇంజను మీద లేవి కలిశాడు. అదేదో పెళ్లిలో వేడుక అనుకుని కిటికీల్లోంచి రైలు రైలంతా కలిసింది.

కొట్టనిది పెళ్లికొడుకు ఒక్కడే. చేతులు కట్టేసి ఉన్నాయి కదా, పాపం.