తగిలించని నాబ్

ఆ సెప్టెంబరు చివరికి నా చేతిలో ఉన్నవి ఇవీ: తుప్పు పట్టిన ఒక ట్రెయిలర్, దాని నిండా గుద్దుకున్న రేసు కార్ల నుంచి విప్పిన బ్రేకు సామాను, వంగితే మళ్ళీ లేవనివ్వని నడుము, ఒక విడాకుల కాగితం. విస్కాన్సిన్‌లో శనివారం రేసుల దగ్గర పాత సామాను అమ్ముకునేవాడికి సీజను ముగిసేసరికి ఇంతకంటే మిగలదు.

మధ్యాహ్నం ప్రాక్టీసు నడుస్తుండగా సన్నగా వాన మొదలైంది. ట్రాక్ తడిస్తే కార్లు ఆపేస్తారు. ఆపేస్తే డ్రైవర్లు ఏం తోచక నా బల్ల దగ్గరికి వస్తారు. వానంటే నాకు ఇష్టం అందుకే. వేరే కవిత్వమేమీ లేదు.

ట్రూడీ లిండ్‌గ్రెన్ మాత్రం తోచక రాలేదు. హెల్మెట్ చంకన పెట్టుకుని, తడిసిన జుట్టుతో నేరుగా వచ్చి నిలబడింది.

"ఏమయ్యా వెండెల్, నువ్వమ్మిన కేబులు పనిచేయడం లేదు. మూడో మలుపులో మళ్ళీ గిర్రున తిరిగాను."

"అమ్మిన సామాను వాపసు తీసుకోనని బోర్డు పెట్టానండీ."

"బోర్డు చదవడానికి రాలేదు. చేతనైతే వచ్చి చూడు. చేతకాకపోతే ఆ మాటే చెప్పు."

కేబులు సంగతేమిటంటే, బ్రేకు తొక్కగానే కారు బరువంతా ముక్కు మీదికి వస్తుంది. ముందు చక్రాలు నేలను గట్టిగా పట్టుకుంటాయి, వెనకవి తేలికవుతాయి. అందుకని బ్రేకును ముందుకు ఎక్కువ, వెనక్కి తక్కువ పంచాలి. ముందు మరీ ఎక్కువైతే మలుపులో కారు తిరగదు, తిన్నగా గోడకే పోతుంది. వెనక ఎక్కువైతే తోక ముందుకొచ్చేస్తుంది. ఈ పంపకం సర్దుకోవడానికి డ్రైవరు చేతికందేలా ఒక నాబ్ ఉంటుంది. దాన్ని తిప్పితే కేబులు వెళ్ళి పెడల్ వెనకున్న కడ్డీని తిప్పుతుంది.

ఆమె నాబ్‌ను ముందు వైపుకు ఎంత తిప్పినా వెనక చక్రాలే బిగుసుకుపోతున్నాయట. ఈ నెలలోనే రెండుసార్లు గోడకు కొట్టింది. ఈ రాత్రి రేసులో కూడా తిరిగిందంటే కారు అమ్మేస్తానంది. "విడిభాగాలకి నువ్వే కొనుక్కో. నాకింక ఓపిక లేదు."

పాత సామాను వ్యాపారికి ఇంతకంటే తీపి మాట ఉండదు. ఆ ఇంజనూ గేరుబాక్సూ దొరికితే నాకు శీతాకాలం గడిచిపోతుంది. దానికి నేను చేయవలసిన పని కూడా ఏమీ లేదు. ఊరుకుంటే చాలు.

"తప్పు కేబులుదైతే మార్చి ఇస్తాను," అన్నాను. "మీ కారుదైతే శుక్రవారం చేపల వేపుడు మీరు తినిపించాలి." మా వైపు శుక్రవారం సాయంత్రం బారులో కూర్చుని వేయించిన చేప తినని మనిషి ఉండడు.

"ఓడిపోతావు," అంది. నవ్వలేదు. అది నవ్వడానికి ఓపిక లేని మొహమే గానీ ఇష్టం లేని మొహం కాదు. ఆ తేడా నాకు తెలుసు. రోజూ గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసేది అలాంటి మొహాన్నే.

ఆమె డ్రైవర్ల మీటింగుకు వెళ్ళింది. కారు చూసుకునేది ఆమె మేనమామ ఆర్నీ. ఆయన్ని పెడల్ తొక్కమని, ముందు బ్రేకుకొకటి, వెనక బ్రేకుకొకటి ప్రెషర్ గేజీలు బిగించాను. నాబ్ ఇటు తిప్పాను, అటు తిప్పాను. రెండు ముళ్ళూ కదల్లేదు.

నడుమును తిట్టుకుంటూ డాష్‌బోర్డు కింద దూరి టార్చి వేశాను. కేబులు కొస కడ్డీకి లేదు. పక్కనున్న గొట్టానికి ప్లాస్టిక్ పట్టీతో పొందికగా కట్టి ఉంది. జారిపోయిన వస్తువు అలా ఉండదు.

పైకి వచ్చి ఆర్నీ వంక చూశాను. ఆయన టైర్ల వంక చూశాడు. తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. మూడేళ్ళ కిందట మేనకోడలు ప్రతి చుట్టులోనూ ఆ నాబ్‌ను రేడియో తిప్పినట్టు తిప్పి కారును పాడుచేస్తుంటే, విసుగొచ్చి చెప్పకుండా ఊడదీశాడట. ఆ వేసవి ఆమె గెలుస్తూ పోయింది. ఇక తగిలించడానికీ భయమే, చెప్పడానికీ భయమే. నేనమ్మిన కేబులును కూడా అలాగే కట్టేశాడు.

"చెప్పకు," అన్నాడు. "ఆ నాబ్ మీది నమ్మకంతోనే నడుపుతోంది పిల్ల. అది పోతే స్టీరింగు ముట్టదు."

"చెప్పకపోతే గోడకు కొడుతుంది కదయ్యా."

"కొడితే నీకేం? కారు నీకే వస్తుందిగా."

లెక్క ఆయనకూ తెలుసు. నేను ముందు చక్రం విప్పాను. చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు ప్యాడ్లు మాడి గాజులా నున్నగా మెరుస్తున్నాయి. ముందు బ్రేకు పట్టడమే మానేసింది, భారమంతా వెనక మీద పడింది. నాబ్ తగిలించి ఉంటే ఇన్నాళ్ళూ కొంతైనా సర్దుకునేది.

ట్రూడీ తిరిగి రాగానే అంతా చెప్పేశాను. ఆమె విప్పిన టైరు మీద కూర్చుంది. ఆర్నీ కాఫీకని వెళ్ళిపోయాడు.

"అయితే ఆ వేసవి గెలిచింది ఎవరు?"

"మీరే. వెనక తేలికవుతోందని మొదట మీకే తెలిసేది. తెలియగానే చెయ్యి నాబ్ తిప్పేది, కాలు పెడల్ మీద కాస్త తగ్గేది. పని చేసింది కాలు. పేరు నాబ్‌కి వచ్చింది."

"మరి ఇప్పుడు ఆ కాలికేమైంది?"

"కాలికేమీ కాలేదు. ముందు ప్యాడ్లు చచ్చాయి. అంత తేడాను కాలొక్కటే సర్దలేదు."

తల ఎత్తి నన్ను చూసింది. బల్ల దగ్గర చూసిన చూపు కాదది. "నోరు మూసుకుంటే కారు నీకు దక్కేది. నీకు వ్యాపారం రాదా?"

"ఇవాళ అలిసిపోయాను," అన్నాను.

ఈసారి నవ్వింది.

నా దగ్గరున్న మంచి ప్యాడ్లు వేసి, కేబులు కడ్డీకి తగిలించాను. ఆమె పెడల్ తొక్కి పట్టుకుని నాబ్ తిప్పింది. ఒక ముల్లు ఎక్కింది, ఒకటి దిగింది. మళ్ళీ తిప్పింది. చాలాసేపు ముళ్ళనే చూసి, తర్వాత నన్ను చూసింది. నేను గేజీలు విప్పే పనిలో పడ్డాను.

వాన ఆగి ట్రాక్ ఆరింది. రేసులో ఆమెకు ఆరో స్థానం వచ్చింది. మూడో మలుపు వచ్చినప్పుడల్లా నేను కంచె పట్టుకుని నిలబడ్డాను. అమ్మకం మాట మరిచిపోయి, బల్ల కూడా వదిలేసి. ముక్కు చెక్కుచెదరకుండా కారు వెనక్కి వచ్చింది.

దిగీ దిగగానే మేనమామతో అంది: "మామయ్యా, ఇకముందు ఏది ఊడదీసినా నాకు చెప్పి ఊడదియ్యి." నావైపు తిరిగి, "కారు అమ్మడం లేదు," అంది. తెలుసన్నట్టు తలూపాను.

శుక్రవారం బారుకు వెళ్ళేసరికి ఆమె పక్కన ఆర్నీ కూర్చుని ఉన్నాడు. గుట్టు బయటపెట్టిన వాణ్ణి ఆయన క్షమిస్తాడని నేననుకోలేదు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఖాళీ కుర్చీ మీద పెట్టిన తన కోటు తీసి ఒళ్ళో వేసుకున్నాడు.

"ఇకనుంచి డాష్ కింద దూరేది నువ్వే. నా మోకాళ్ళు ఒప్పుకోవు."

"అతని నడుమూ ఒప్పుకోదు మామయ్యా," అంది ట్రూడీ.

"అయితే లేవదీసేది నువ్వు."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. చేప పళ్ళెం నావైపు జరిపి, "వచ్చే శుక్రవారం ఎవరు ఓడిపోవాలి?" అని అడిగింది.

"నువ్వే చెప్పు."

"'మీరు', 'అండీ' ఏమయ్యాయి?"

"అవి బల్ల దగ్గర కొనుక్కునేవాళ్ళకి."

ఇదీ లెక్క. చేతికి రావలసిన కారు పోయింది. మంచి ప్యాడ్ల జత పోయింది. వచ్చినవి ఒక వేయించిన చేప, దాని పక్కన పెట్టే క్యాబేజీ, కోటు తీసి ఖాళీ చేసిన ఒక కుర్చీ. చేప ఆ రోజే అయిపోయింది. కుర్చీ ఇప్పటికీ నాదే.