పూరేకుకి అరంగుళం మార్జిన్

ఉదయం ఏడింటికి ఉతికిన దుప్పటి ఆరేద్దామని మేడ మీదికి వెళ్ళిన ఇల్లాలు బకెట్టు దబ్బున కింద పెట్టింది.

"ఏమండీ! తీగ మీద చోటేదీ?"

ఎరుపు, పసుపు, వంకాయ రంగు పూసిన కాగితాలు క్లిప్పులు పెట్టుకుని వరసగా వేలాడుతున్నాయి. వాటి కింద స్టూలేసుకుని ఇంకో కాగితానికి నీలం పూస్తున్నారు టైలర్ మాస్టారు. యాభై ఏళ్ళు ఊరందరికీ బట్టలు కుట్టిన ఆయన గడ్డానికి ఇప్పుడు సగం నీలమే.

"ముట్టుకోకు. తడి ఆరలేదు."

"దుప్పటి కూడా ఆరలేదు! దీన్నేం చెయ్యను, తడిదే కప్పుకు కూర్చోనా?"

మాస్టారు ఆ మాట చెవిన వేసుకోలేదు. ఆయన ధ్యాసంతా ఆదివారం మీద ఉంది.

రెండు నెలల కిందట ఒక కస్టమర్ చొక్కాకి ఆయన రెండూ ఎడమ చేతులే కుట్టారు. మర్నాడే కూతురు షాపుకి తాళం వేసి, తాళంచెవి తన గుత్తిలో తగిలించుకుంది. ఆమె ఇంట్లోనే కొలాజ్ క్లాసు నడుపుతుంది. కాగితాలకు చేత్తో రంగులు వేసి, వాటితో పూలు చేసి అతికించి, దారాలు, గుడ్డముక్కలు కూడా జోడించే పని. "ఊరికే కూర్చోలేవు, నువ్వూ నేర్చుకో నాన్నా" అంది. మాస్టారు ఒక షరతు మీద ఒప్పుకున్నారు. ఆదివారం ప్రదర్శనలో తన పూలగుత్తే అందరి మెప్పూ పొందితే చెయ్యి ఇంకా బాగానే ఉన్నట్టు లెక్క. తాళంచెవి తిరిగి ఇచ్చేయాలి.

ప్రదర్శనకి ముందు ఆ రోజుదే ఆఖరి క్లాసు. కూతురు అందరి పనీ చూస్తూ వచ్చి ఆయన బల్ల దగ్గర ఆగింది.

"నాన్నా, ఈ గులాబీ ఇంత మందంగా ఉందేంటి?"

రేకు తిప్పి చూసింది. చుట్టూ అరంగుళం కాగితం లోపలికి మడిచి, ఇస్త్రీ చేసి ఉంది.

"మార్జిన్," అన్నారు మాస్టారు.

"పువ్వుకి మార్జిన్ దేనికి?"

"రేపు లావైతే విప్పుకోవద్దూ?"

పక్క బల్ల దగ్గర రిటైరైన లెక్కల టీచరమ్మ పగలబడి నవ్వడంతో జిగురు సీసా కాస్తా ఒలికిపోయింది. మాస్టారు మాత్రం నవ్వలేదు. మార్జిన్ లేని బట్ట ఆయన జీవితంలో ఎవరికీ ఇవ్వలేదు మరి.

పట్టుదలగా నీలం కాగితం తీసి, తన పన్నెండంగుళాల ఇనుప కత్తెర ఆడించారు. బొటనవేలు వణికింది. రేకు రెండు ముక్కలైంది. ఇంకో కాగితం తీశారు. అదీ అంతే.

"కాగితంలో పస లేదు," అన్నారాయన.

"కత్తెర పక్కన పెట్టు నాన్నా. చేత్తో చించు."

అంతే, మాస్టారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "చించడమా? యాభై ఏళ్ళు కత్తెర పట్టిన చెయ్యి ఇది! చొక్కా చేతులు తారుమారైతే షాపు మూసేస్తారా? ఆ కస్టమరే నవ్వి ఊరుకున్నాడు!"

"దానికోసం మూయలేదు," అంది కూతురు. "ఆ చొక్కా కాలర్ లోపల నీ వేలి రక్తం మరక ఉంది. అది నేనే ఉతికాను. నాలుగు రోజులు కుడిచెయ్యి జేబులోంచి తియ్యలేదు నువ్వు. కాఫీ ఎడం చేత్తో తాగావు. అడిగితే చిన్నబోతావని నెపం చొక్కా చేతుల మీదికి నెట్టాను."

గుమ్మం దగ్గర నుంచున్న ఇల్లాలు మెల్లగా అంది. "మీరు నిద్రపోతుంటే ఆ వేలికి మందు రాసింది నేను. మీ గురకకి వీధంతా లేచింది గానీ మీరు లేవలేదు."

రెండు నెలలుగా మాస్టారు ఎవరికీ తెలియకుండా దాచానని మురిసిపోయిన గుట్టు ఇంట్లో అందరికీ తెలుసు. తెలుసన్న సంగతి ఇంటిల్లిపాదీ కలిసి తననుంచే దాచారు. సిగ్గేసింది. దాని వెనకే కళ్ళు చెమర్చాయి. తలొంచుకుని, ఇంకేం చెయ్యాలో తోచక, బల్ల మీది నీలం కాగితం చేతిలోకి తీసుకుని చించారు.

చెయ్యి వణికిన చోటల్లా చిరుగు వంపు తిరిగింది. రంగు కింద ఉన్న తెలుపు సన్నటి అంచులా బయటపడింది. కత్తెరతో ఎంత తంటాలు పడ్డా రాని రేకు అది. టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది.

"మావన్నీ కాగితం పూలు మాస్టారూ. ఇదొక్కటే పువ్వు."

ఆయన ఇంకో రేకు చించారు. మధ్యాహ్నానికి బల్ల నిండిపోయింది. కాడలు మాత్రం ఇంట్లోని కుట్టుమిషను మీద ఆకుపచ్చ దారంతో కుట్టారు. అందులో రాజీ లేదు.

ఆదివారం ప్రదర్శన చూడ్డానికి ఇంటికి వచ్చినవాళ్ళంతా ఆ గుత్తి ముందే గుమిగూడారు. అందరూ వెళ్ళాక కూతురు తన తాళాల గుత్తిలోంచి షాపు తాళంచెవి తీసి చాపింది. మాట మాటే కదా. కానీ చాపిన చెయ్యి ఆయన వేలికన్నా ఎక్కువ వణికింది.

మాస్టారు తీసుకోలేదు. "నీ దగ్గరే ఉంచు. షాపులో వెలుతురు బాగుంటుంది, కటింగ్ బల్ల పెద్దది. క్లాసు అక్కడ పెట్టుకో. నేనూ వస్తాను, విద్యార్థిగా. మీ అమ్మకి తీగ ఖాళీ అవుతుంది."

తర్వాత కత్తెర తీసి, తన బొటనవేలికి సరిపడా పిడికి చుట్టుకున్న పాత గుడ్డ విప్పేశారు. మెడలోని టేపు లాగారు.

"ఏదీ, వేలు చాపు."

కూతురి బొటనవేలు కొలిచి, కొత్త గుడ్డ చుట్టి కత్తెర ఆమె చేతిలో పెట్టారు. ఆమె వేలు దూర్చి చూసుకుంది.

"కొంచెం వదులుగా ఉంది నాన్నా."

"ఉండనీ, మార్జిన్ వదిలాను. మీ అమ్మ పోలికేగా, రేపు లావవవూ?"

"నాకు వినబడుతోంది!" అంది వంటింట్లోంచి ఇల్లాలు.

కూతురు పకపకా నవ్వింది. నవ్వుతూనే నాన్న భుజం మీద తల వాల్చి ఏడ్చేసింది. మాస్టారు కత్తెర మొన తగలకుండా ఆమె చెయ్యి పక్కకి జరిపి, నీలం మరకలు పోని వేళ్ళతో తల నిమిరారు.