తోకలోంచి మూడు దెబ్బలు

మా గడ్డి రన్‌వే చివరి షెడ్డుకి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అటు వెళ్ళమంటే చాలు, మా విస్కాన్సిన్ మొనగాళ్ళందరికీ ఇంట్లో ఏదో పని గుర్తొస్తుంది. ముసలి హిల్మర్ అందులోనే సొంత విమానం కట్టుకుంటూ సగంలో పోయాడు. బతికుండగా ఒక్కరు కొట్టిన రివెట్‌నైనా, అంటే రేకులు కలిపే మేకునైనా, మెచ్చిన పాపాన పోలేదు. పోయాక కూడా ఆ బుద్ధి మారలేదంటారు... అక్కడ రాత్రిపూట వంకర రివెట్ కొడితే, రేకు వెనకనుంచి మూడు దెబ్బలు వినిపిస్తాయట.

మూడంటే ఏమిటో సొంత విమానాలు కట్టుకునే మాలో అందరికీ తెలుసు. రివెట్ కొట్టడం ఇద్దరి పని. బయట ఒకరు రివెట్ గన్‌తో కొడుతుంటే, లోపల ఒకరు ఉక్కు దిమ్మ ఆనించి పట్టుకోవాలి. మధ్యలో రేకు, చెవులకి మూతలు, ఇంక మాటలేం వినపడతాయి? అందుకే లోపలివాళ్ళు దిమ్మతో రేకు మీద తడతారు. ఒకటైతే — కొట్టు. రెండైతే — బాగుంది. మూడైతే — చెడింది, తీసెయ్.

ఇక ఈ కథ ఎల్డన్ తన నోటితో నాకు చెప్పిందే. హిల్మర్ తర్వాత ఆ షెడ్డు అతనికొచ్చింది. ఆరేళ్ళుగా సొంత విమానం కడుతూ అతను బయట, భార్య ఆర్డిస్ విమానం తోకలో పడుకుని లోపల. ఆమె ఊళ్ళో లేని ఓ రోజు, తొందరకొద్దీ తోకకున్న కంతలోంచి చెయ్యి దూర్చి, గుడ్డిగా దిమ్మ పట్టుకుని, ఒక్కడే ముప్ఫై రెండు రివెట్లు కొట్టేశాడు.

ఆర్డిస్ వచ్చి లైటు వేసి చూసింది. "ఇవి నిలవవు ఎల్డన్. అన్నీ పక్కకి వాలిపోయాయి. తీసెయ్."

"కొట్టేది నేను. నువ్వు దిమ్మ పట్టుకునేదానివి. రివెట్ల సంగతి నాకు చెప్పకు."

ఆమె బ్యాగు సర్దుకుని చెల్లెలింటికి వెళ్ళిపోయింది.

శనివారం తనిఖీ. ఆదివారం ఎగరాలి. గాలిలో తోక ఊడితే మనిషి దక్కడని ఎల్డన్‌కి తెలియక కాదు. అయినా మొండివాడు. శుక్రవారం రాత్రి, తోక మూసేద్దామని ఒంటరిగా షెడ్డుకి వెళ్ళాడు. దీపం వేలాడదీసి, ఆ వంకర వరసకేసి చూసి, "లోపల ఎవడు చూడొచ్చాడులే," అన్నాడు పైకే.

టక్... టక్... టక్.

తోకలోంచి!

చేతిలో కాఫీ బూట్ల మీద ఒలికింది. గాలికి తలుపు కొట్టుకుందేమో... కాదు. తలుపుకి తను లోపల వేసిన గడియ అలాగే ఉంది.

టక్... టక్... టక్.

"హిల్మర్..." అన్నాడు. "నువ్వేనా పెద్దాయనా?"

మెల్లిగా తోక దగ్గరికి జరిగాడు.

డ్రిల్ అందుకుని మొదటి రివెట్ తీసేశాడు. కొత్తది పెట్టి గన్ ఆనించాడు. ఇప్పుడు దిమ్మ పట్టడానికి కంతలోకి చెయ్యి పెట్టాలి... ఆ చీకట్లోకి! ఇంతలో — లోపలినుంచి ఏదో వచ్చి రివెట్‌కి గట్టిగా ఆనింది.

టక్.

కొట్టమని!

కళ్ళు మూసుకుని, చర్చిలో ఏనాడూ చెయ్యనంత భక్తిగా ప్రార్థన చేసుకుంటూ కొట్టాడు.

టక్, టక్.

బాగుందట.

అలా తీస్తూ, కొడుతూ... పంతొమ్మిదోదానికి మళ్ళీ మూడు దెబ్బలు పడ్డాయి. "క్షమించు పెద్దాయనా," అని గుసగుసగా చెప్పి, అదీ తీసి మళ్ళీ కొట్టాడు. ముప్ఫై రెండోది అయ్యేసరికి కిటికీలో వెలుగు వస్తోంది. అప్పుడు... తోకలో ఏదో కదిలింది. రేకు కిర్రుమంది. సీటు వెనకనుంచి ఉన్ని మేజోడు తొడుక్కున్న కాలొకటి బయటికొచ్చింది.

ఎల్డన్ ఉన్నచోటే చతికిలబడ్డాడు.

కాలు వెనక నడుం వచ్చింది. దాని వెనక, జుట్టునిండా అల్యూమినియం పొట్టుతో, ఆర్డిస్.

"నడుం పట్టేసింది. చెయ్యియ్యి."

"నువ్వు... చెల్లెలింట్లో..."

"చెల్లెలే దింపి వెళ్ళింది. నువ్వు వీటితోనే ఎగిరిపోతావని భయంతో నాకు కునుకు లేదు. ఇంకోసారి చూద్దామని లోపల దూరాను, ఇంతలో నువ్వొచ్చావు, లైటు ఆర్పేశాను." ఆమె లేచి నిలబడి, మోకాళ్ళు దులుపుకుంది. "ఆరేళ్ళు పక్కన పనిచేసిన పెళ్ళాం తీసెయ్యమంటే ఒక్కటి తియ్యలేదు. చచ్చినవాడు తీసెయ్యమంటే కిక్కురుమనకుండా ముప్ఫై రెండూ తీశావు. నా మాట నువ్వు వినాలంటే ముందు నేను చావాలా, ఎల్డన్?"